పాత చీరల బొంత: పైపొర అతికాక మిగిలే పని (ప్రాజెక్టు డైరీ)

ముక్కలు కోయడం, అతకడం గురించి ఇందులో లేదు. అది ఎవరైనా చూపిస్తారు. బొంత పాడయ్యేది ఎక్కువగా ఆ తర్వాతే: పొరలు పరిచేటప్పుడు, అన్నిటినీ కలిపి కుట్టు వరసలు వేసేటప్పుడు, అంచు కట్టేటప్పుడు. కాబట్టి పైపొర చేతికొచ్చిన దగ్గర మొదలుపెడుతున్నాం.

ఈ బొంత విదేశంలో హాస్టల్లో ఉండి చదవబోయే అమ్మాయికి. పేరు శ్రావ్య. చీరలన్నీ వాళ్ల అమ్మమ్మవి. పేరు కూడా ఆవిడ చేతిరాతలోనే కుట్టాలని అనుకున్నాం.

మొదట్లో చేతిలో ఉన్నవి:

- పైపొర: 6 అంగుళాల చదరాలు అడ్డంగా 7, నిలువుగా 11, మొత్తం 77. చుట్టూ చీర అంచుల పట్టీ, పక్కల అంగుళం చొప్పున, పైనా కిందా 2 అంగుళాల చొప్పున. కొలత 44 × 70 అంగుళాలు.
- లోపలికి: 1 చీర, 3 పొరలుగా.
- అడుగుకు: ఇంకో చీరలో మూడో వంతు.

ఈ కొలత ఊరికే ఎంచుకోలేదు. అయిదున్నర మీటర్ల చీరను మూడుగా కోస్తే ఒక్కో ముక్క 72 అంగుళాలు వస్తుంది. పన్నా 46. అంటే 44 × 70 బొంతకు లోపల ఎక్కడా అతుకు పడదు. 60 అంగుళాల వెడల్పు కావాలంటే ప్రతి పొరకూ నిలువు అతుకు వేయాలి, ఆ అతుకులన్నీ ఒకే చోట పడకుండా కూడా చూసుకోవాలి. ఒక్క మనిషి కప్పుకునే దానికి అంత తిప్పలు అక్కర్లేదు.

దశ 1: గుడ్డ పరీక్ష

1. గంజి పూర్తిగా పోయేలా రెండుసార్లు ఉతికాం. గంజి ఉంటే గుడ్డ బలంగా ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది, పైగా పురుగును పిలుస్తుంది.
2. నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డను రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగాం. పోగులు చిటచిటమన్నవి లోపలి పొరకు. నోరు తెరిచినవి మసిగుడ్డకు.
3. తడిపిన తెల్లగుడ్డ మీద ముక్క పరిచి, పైన వేడి ఇస్త్రీ పెట్టి నిమిషం ఒత్తాం. తెల్లగుడ్డకు ఏ మాత్రం రంగు అంటినా ఆ చీర మళ్లీ ఉతుక్కే.

మూడో పరీక్షలో ఎర్ర నారాయణపేట చీర దొరికిపోయింది. ఉప్పు, వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని ఇంటింటా చెబుతారు. పోగుకు అసలు పట్టని రంగును అవేవీ పట్టించలేవు. వదిలేదంతా వదిలిపోవాలి, అంతే. వేడినీళ్లు, డిటర్జెంటు, పెద్ద బకెట్టు. నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతికి, మళ్లీ ఇస్త్రీ పరీక్ష చేశాకే ఆ ఎరుపును పైపొరలోకి రానిచ్చాం.

చీరలో ఏ భాగం ఎక్కడికన్నది కూడా ముఖ్యమే. కుచ్చిళ్లు పడే చోట మడత గీతల వెంట గుడ్డ పలచబడి ఉంటుంది. కింది అంచు దగ్గర కాలి రాపిడి. దోపుకునే లోపలి చెరగు ఎండ చూడదు కాబట్టి రంగు అక్కడే నిండుగా మిగులుతుంది. పైపొరకు అదే మేలు. జరీ అంచును మాత్రం ఎంత ముద్దొచ్చినా తీసేయాలి. జరీ తీగ కుట్టు దారాన్ని కోస్తుంది, ఒంటికి గీసుకుంటుంది, ఉతికిన కొద్దీ నల్లబడుతుంది. చుట్టూ వేసిన పట్టీకి జరీ లేని నూలు అంచులే వాడాం.

దశ 2: పేరు

పేరు పొరలన్నీ కలిపాక కుడదామనుకుంటే అయిదు పొరల్లోంచి గొలుసు కుట్టు లాగాలి. వెనక ముడుల గుట్ట తయారవుతుంది. అందుకని విడి ముక్క మీద కుట్టి, పొరలు పరచకముందే పైపొర మీద అతికించాలి. ఈ క్రమం తప్పితే దిద్దుకోవడం కష్టం.

అమ్మమ్మ పెన్నుతో రాసిన పేరును జిరాక్సులో పెద్దది చేశాం. తొలి నమూనా అక్షరం ఎత్తు 25 మి.మీ. మూడు పోగుల దారంతో గొలుసు కుట్టు దాదాపు 3 మి.మీ. వెడల్పు తేలుతుంది. ఆ ఎత్తులో ‘వ’ కడుపులో ఖాళీ 4 మి.మీ. మాత్రమే. అటూ ఇటూ కుట్టు పడేసరికి కడుపు పూడుకుపోయి నల్లటి ఉండలా కనిపించింది. 40 మి.మీ. ఎత్తుకు పెంచాక అక్షరం తేటపడింది. తెలుగు అక్షరాలన్నీ వంపులే కాబట్టి వెనక్కుట్టు కంటే గొలుసు కుట్టే నయం. వెనక్కుట్టులో ఒక్కో కుట్టు 2 మి.మీ. దాటితే వంపు కాస్తా పలకలు తేలుతుంది.

తేల్చుకున్న కొలతలు:

- అక్షరం ఎత్తు 40 మి.మీ., కింద ఒత్తులకు మరో 18 మి.మీ.
- ‘శ’ అడుగుకూ ర ఒత్తుకూ మధ్య కనీసం 5 మి.మీ. ఖాళీ. దగ్గరైతే రెండూ ఒకే గీతలా కలిసిపోతాయి.
- ‘శ్రా’ దీర్ఘానికీ ‘వ’కూ మధ్య 8 మి.మీ.
- య ఒత్తు తోక కుడిపక్కకు లేచి వస్తుంది. అందుకని నడుమను కొలిచేటప్పుడు తోకతో కలిపి మొత్తం వెడల్పు పట్టాలి. తలకట్లు చూసి కొలిస్తే పేరు కుడికి జరిగినట్టుంటుంది.
- కుట్టిన ముక్క: 6 × 4 అంగుళాలు.

ముక్క వెనక మల్లు గుడ్డ పెట్టి రెండూ కలిపి రింగులో బిగించాం. పాత నూలు ఒక్కటే రింగులో పెడితే సాగిపోయి, తీశాక పేరు చుట్టూ ముడతలు పడతాయి.

గీత గీసే పెన్ను దగ్గర పని ఒకసారి ఆగింది. ఇస్త్రీ వేడికి చెరిగిపోయే పెన్నుతో గీసి కుట్టి, ఇస్త్రీ చేస్తే గీతలు మాయం. బాగానే ఉంది. అయితే బొంత వెళ్లేది మంచు పడే ఊరికి. అనుమానమొచ్చి ఆ నమూనా ముక్కను కవరులో పెట్టి రాత్రంతా డీప్ ఫ్రీజర్లో ఉంచాం. తెల్లారి తీసి చూస్తే గీతలన్నీ బూడిద రంగులో తిరిగొచ్చి ఉన్నాయి, కుట్టు తప్పిన చోట్లతో సహా. ఆ సిరా వేడికి రంగు దాచుకుంటుందే తప్ప గుడ్డను వదిలిపోదు. మన ఎండల్లో ఈ సంగతి ఎప్పటికీ బయటపడకపోవచ్చు. అసలు ముక్కకు నీళ్లకు పోయే నీలం పెన్ను వాడాం. దానికీ ఒక షరతు ఉంది: చన్నీళ్లలో పూర్తిగా కడిగేదాకా ఇస్త్రీ తగలకూడదు, వేడి తగిలితే గీత గుడ్డలో ఉండిపోతుంది.

పేరు ముక్కను పాదాల వైపు కుడి మూలకు పెట్టాం. మడిచినప్పుడు పైకి కనిపిస్తుంది, పడుకున్నప్పుడు మొహానికి రాసుకోదు.

ఇప్పటికి: పైపొర, పేరు ముక్కతో కలిపి 180 గ్రాములు. పేరుకు పట్టిన దారం 8 మీటర్ల లచ్ఛీలో పావు వంతు కూడా లేదు.

దశ 3: పొరలు పరచడం

1. గచ్చు తుడిచి ఆరాక అడుగు పొరను తిరగేసి పరిచాం. నాలుగు పక్కలా మాస్కింగ్ టేపు. ముడత పోయేంత లాగితే చాలు. బిగించి లాగిన గుడ్డ టేపు తీయగానే ముడుచుకుంటుంది, పైపొర బుడగలా లేస్తుంది.
2. లోపలి మూడు పొరలు ఒక్కొక్కటిగా. ప్రతి పొరనూ నడుమ నుంచి బయటికి అరచేత్తో సవరించాలి.
3. పైపొర. నాలుగు పక్కలా మిగులు అంగుళమే. నడుమ గీతలు కలవకపోతే ఒక పక్క అడుగు పొర చాలదు. అందుకే ప్రతి పొరకూ నిలువు, అడ్డం నడుమ గీతలు ముందే ఇస్త్రీ మడతతో పెట్టుకున్నాం.
4. టాకాలు (తర్వాత తీసేసే పొడుగు కుట్లు) నడుమ నుంచి మొదలుపెట్టి నక్షత్రంలా బయటికి, ఆపైన 4 అంగుళాలకొక వరస.

పిన్నీసులతో పని త్వరగా అయిపోతుంది. కానీ వానాకాలంలో వారం రోజులుంటే మామూలు పిన్నీసు తుప్పు మచ్చ పెడుతుంది, పలచని గుడ్డలో రంధ్రం కూడా మిగులుస్తుంది. టాకాలే మేలు. దారం తెల్లదే వాడాలి, రంగు దారం టాకా తీశాక కూడా నూగు వదులుతుంది.

దూది ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్లుంటారు. దూది పరిస్తే వరసలు ఇంకా దగ్గరగా పడాలి, లేకపోతే నాలుగు ఉతుకులకే ఉండలు కడుతుంది. చీర పొర ఎటూ జరగదు. వెచ్చదనం చాలకపోతే పైన రగ్గు కప్పుకోవచ్చు.

ఇప్పటికి: పైపొర 180 + లోపలివి 460 + అడుగు 155 = 795 గ్రాములు.

దశ 4: వరసలు

ఎక్కువ విప్పుడు ఈ దశలోనే. సూదితో మొదలుపెడదాం.

బొంత అనగానే చేతికి దబ్బనం ఇస్తారు. గోనెకూ పరుపుకూ అది సరే. పాత చీరలో దబ్బనం చేసిన రంధ్రం మూసుకోదు, దారం అందులో వదులుగా ఆడుతుంది. దబ్బనం పక్కన పెట్టి, కన్ను పొడవుగా ఉన్న ఎంబ్రాయిడరీ సూది తీసుకున్నాం. దారం 8 నంబరు పెర్ల్ కాటన్ (మెలితిప్పిన ఎంబ్రాయిడరీ నూలు దారం). నడివేలికి థింబుల్ (వేలికొసకు తొడిగే టోపీ) లేకుండా అయిదు పొరల్లోంచి సూది నెట్టడం ఒక వరసకు మించి సాగదు.

తర్వాత, ఎక్కడ మొదలుపెట్టాలన్నది. పాత అలవాటు ప్రకారం బయటి అంచు నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చాం. ఆరు చుట్లయ్యాక తిరగేసి చూస్తే అడుగు పొర నడుమ ఒకటిన్నర అంగుళం గుడ్డ మిగిలి కుప్పగా లేచింది. ఆరూ విప్పాల్సి వచ్చింది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలు తమ కవంది బొంతల్ని అంచు నుంచి లోపలికే కుడతారు, అవి చక్కగా వస్తాయి. వాళ్లు పైముక్కల్ని కుట్టుకుంటూనే ఒక్కొక్కటిగా పెడుతూ పోతారు కాబట్టి జరిగిన గుడ్డ తర్వాతి ముక్కలో సర్దుకుంటుంది. పైపొర ముందే అతికేసి ఉంటే మిగులు గుడ్డకు పోయే దారి లేదు. నడుమ నుంచి బయటికి కుడితే అంచు వైపు జారిపోతుంది, చివర కత్తిరించేస్తాం. మీ పైపొర ఎలా తయారైందో చూసుకుని దిక్కు ఎంచుకోండి.

మార్చాక పాటించిన పద్ధతి:

1. వరసలు నిలువుగా, అంగుళానికొకటి. చదరాల అతుకు గీత మీద వరస వేయకూడదు, అక్కడ దళసరి ఎక్కువ. అతుకు నుంచి అర అంగుళం వదిలి మొదలుపెడితే ఒక్కో చదరంలో 6 వరసలు, 7 చదరాలకు 42.
2. 95 అంగుళాల దారం తీసుకుని తేనెమైనం మీదుగా లాగాలి. వరస నడుమ సూది దింపి సగం దారమే లాగాలి. ఒక కొసదాకా కుట్టి, మిగతా సగాన్ని సూదికి ఎక్కించి రెండో కొసదాకా. బొంత నడుమ ఒక్క ముడి కూడా ఉండదు.
3. కుట్టు పైన 3 మి.మీ., కింద 3 మి.మీ. అంగుళానికి నాలుగు. ఇంతకంటే సన్నగా కుడితే అయిదు పొరల్లో సూది వంకరపోతుంది.
4. ప్రతి 12 అంగుళాలకూ ఆగి, అరచేత్తో వరసను వెనక్కి నిమిరి వదులు చేయాలి. దారం బిగిస్తే బొంత పొడవు తగ్గుతుంది.
5. పేరు ముక్క దగ్గర సూదిని పొరల మధ్యగా దాటించి అవతల తేల్చాలి. ముక్క చుట్టూ ఒక వరస విడిగా.

అంగుళం దూరానికి మాస్కింగ్ టేపు అతికించి దాని పక్కనే కుట్టాం. సుద్ద గీతలు చేతి రాపిడికే చెరిగిపోతాయి. కానీ దొరికే టేపు 24 మి.మీ., అంగుళం 25.4. ఒక వరసకు తేడా తెలియదు. టేపు పక్కన టేపు పెట్టుకుంటూ పోతే ఆరు వరసలకు 8 మి.మీ. వెనకబడి, ఏడో వరస అతుకు పక్కనే దళసరి మీదికి ఎక్కుతుంది. ప్రతి చదరం మొదట్లో అతుకు నుంచి కొత్తగా కొలుచుకోవాలి. టేపును రాత్రి అలాగే వదిలేస్తే జిగురు గుడ్డకు అంటుకుంటుంది.

ఇంకో నష్టం కొంచెం ఆలస్యంగా బయటపడింది. బాగా వాడిన వెంకటగిరి ముక్కల్లో రెండు చోట్ల కుట్టు వెంటే బ్లేడుతో గీసినట్టు చీలిక వచ్చింది. నిలువు వరస సరిగ్గా నిలువు పోగు మీదే పడితే కుట్లన్నీ ఆ రెండు మూడు పోగులనే లాగుతాయి. కొత్త గుడ్డ ఓర్చుకుంటుంది, ముప్ఫై ఏళ్ల గుడ్డ ఓర్చుకోదు. చీలిన చోట అదే రంగు ముక్క పైన వేసి అంచులు మడిచి కుట్టాం. మిగతా పలచని ముక్కల మీద వరసను తిన్నగా కాకుండా 3 మి.మీ. అటూ ఇటూ అలలా పోనిచ్చాం. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు, బరువు మాత్రం పది పోగులకు పంచుకుంది.

ఇప్పటికి: దారం 42 వరసలకు దాదాపు 100 మీటర్లు. ఉండకు 80 నుంచి 85 మీటర్లే ఉంటుంది కాబట్టి ఒకటి చాలదు, రెండూ ఒకే లాట్ నంబరువి ఒకేసారి కొనాలి. బరువు 807 గ్రాములు. కొలత 44 × 70 నుంచి 43¼ × 68½కు తగ్గింది. ఈ తగ్గుదల మామూలే. అందుకే అంచు పట్టీ లెక్క ముందే వేయకూడదు.

దశ 5: వెనక చీటీ, అంచు

అంచులు 43 × 68కి కత్తిరించాం. మిగులు పోగా బరువు 762 గ్రాములు.

వెనక చీటీ గుడ్డ ముక్కే: ఏ చదరం ఏ చీరలోదో, సంవత్సరం, ఎలా ఉతకాలో. దీన్ని అంచు కట్టకముందే మూలలో పెడితే రెండు పక్కలు అంచు పట్టీలోనే ఇరుక్కుంటాయి, చేత్తో కుట్టాల్సినవి రెండే మిగులుతాయి. చీటీకి మూడో పక్క సగం తెరిచి ఉంచి జేబులా చేశాం. ఎందుకో చివర్లో.

అంచుకు పాత చీర వాడొద్దు. బొంతలో ముందు అరిగేది అంచే. మంగళగిరి కొత్త నూలు గుడ్డ అర మీటరు, 44 పన్నా, ఉతికి ఆరేసింది. పక్కలు తిన్నగా ఉన్నాయి కాబట్టి క్రాస్ పీసు (గుడ్డను ఏటవాలుగా కోసిన పట్టీ) అక్కర్లేదు.

లెక్క:

- చుట్టుకొలత 222 అంగుళాలు, కలుపుకు 10, మొత్తం 232.
- ఒక పట్టీ, అంచులు తీసేశాక 42. ఆరు పట్టీలు 252. ఏటవాలు అతుకులు 5, ఒక్కోదానికి రెండున్నర అంగుళాలు పోగా 239½.
- లెక్కకు ఆరు చాలు. కానీ అతుకు సరిగ్గా మూల మీద పడితే అక్కడ ఎనిమిది మడతలు చేరి సూది దిగదు. పట్టీని జరుపుకోవడానికి ఏడోది కోసి ఉంచుకోవాలి.

వెడల్పు దగ్గర మొదట 2¼ అంగుళాలు కోసి చూశాం. రెండుగా మడిస్తే 28.6 మి.మీ. కుట్టు అంచు నుంచి 9 మి.మీ. లోపల. ముందు వైపు 9, కుట్టులోకి 9, బొంత మందం 2 పోతే వెనక్కి 8.6 వచ్చింది. కుట్టు గీత 9 దగ్గర ఉంది. అర మిల్లీమీటరు చాలక కుట్టంతా బయటికి కనిపిస్తోంది. రెండున్నరకు మారిస్తే వెనక 11.7 వచ్చి గీత పూర్తిగా కప్పుకుంది. కుట్టును లోపలికి తగ్గించి 2¼తోనే సరిపెట్టొచ్చు, కానీ పాత గుడ్డలో పోగులు జారతాయి, 9 కంటే తక్కువ పట్టు నిలవదు.

మూల ఇలా:

1. మూలకు 9 మి.మీ. ముందే ఆపి, రెండు కుట్లు వెనక్కి వేసి దారం తెంపాలి.
2. పట్టీని పైకి ఏటవాలుగా మడవాలి. మడత మూల నుంచి సరిగ్గా సగం కోణంలో ఉండాలి.
3. మళ్లీ కిందికి మడిచి, పైమడత బొంత అంచుతో సమంగా పెట్టి, అక్కడి నుంచే కుట్టు మొదలు.
4. వెనక్కి తిప్పాక మూల మడతను ముందు వైపు మడతకు ఎదురు దిక్కుగా వేయాలి. రెండూ ఒకే వైపు పడితే మూల బొడిపె కడుతుంది.

ముందు కుట్టు మిషను మీద, వెనక హెమ్మింగ్ చేత్తో. మిషను పాదం ఒత్తిడి తగ్గించకపోతే పైపొరను ముందుకు తోసి అలలు తెస్తుంది.

ఇప్పటికి: 762 + పట్టీ, చీటీ 45 = 807 గ్రాములు.

దశ 6: ఉతుకు, సర్దడం

టాకాలన్నీ తీసి చన్నీళ్లలో తక్కువ సబ్బుతో ఉతికాం. నీలం గీతలు పూర్తిగా పోయాయో లేదో తడి మీదే చూడాలి. ఎక్కడైనా ఎరుపు అంటినట్టుంటే ఆరనివ్వకూడదు. ఆరితే స్థిరపడుతుంది. వెంటనే పెద్ద టబ్బులో వేడినీళ్లు, డిటర్జెంటు పోసి రాత్రంతా మునిగేలా ఉంచాలి. ఇక్కడ ఆ అవసరం రాలేదు, దశ 1లో పడిన శ్రమ అక్కరకొచ్చింది.

తీగ మీద ఒంటి మడతన వేలాడదీస్తే తడి బరువుకు పొడవు సాగుతుంది. రెండు తీగల మీద పరిచి నీడలో ఆరేశాం. ఆరాక 42½ × 67 అంగుళాలు, 805 గ్రాములు.

హాస్టల్లో డ్రయరే దిక్కు కాబట్టి చీటీ మీద ‘తక్కువ వేడి’ అని కుట్టాం. పార్సిల్‌కు పాత దిండు గలీబు చాలు. ప్లాస్టిక్ కవర్లో ఏ మాత్రం తేమ ఉన్నా బూజు పడుతుంది. గలీబు బయట మాత్రం తడవని కవరు వేయాల్సిందే.

చీటీ జేబులో పెట్టినవి: 8 నంబరు దారం 10 మీటర్లు ఒక అట్టముక్కకు చుట్టి, సూది ఒకటి, వెంకటగిరి చీరలో మిగిలిన అరచేయంత ముక్కలు నాలుగు. రెండో శీతాకాలానికి ఆ పలచని చదరాల్లో ఇంకోటి చీలుతుంది. అప్పటికి అదే రంగు గుడ్డ ఆ అమ్మాయి దగ్గరే ఉంటుంది.